మెడ పట్టుకొని ఏడ్చే పిల్ల

"మీ పాప ఇక్కడ ఏం చేస్తున్నదో నీకు ఎరుకేనా, సౌందర్యా?" అని రూతు టీచర్ అడిగింది. అంగన్‌వాడీ గేటు కాడ, సాయంత్రం నాలుగింటికి. జిన్నింగు మిల్లు నుంచి ఉరికొచ్చిన. నెత్తిల, కనురెప్పల మీద పత్తి నూగు అట్లనే ఉన్నది. ఆ ఒక్క మాటతోని నా మనసు ఎక్కడెక్కడికో పోయింది. పిల్ల ఎవల్నో నెట్టింది. ఎవల తలకాయనో పగిలింది. దవాఖానకు తీస్కపోయిండ్రు. ఇగ మమ్ముల జనగామల ఉండనియ్యరు.

"కొట్టిందా టీచర్?"

"కొడితే ఏం చెయ్యాల్నో నాకు తెలుసు. గిది వేరే. ఏ పిల్లన్న ఏడిస్తే చాలు, నీ బిడ్డ ఆట ఇడిచిపెట్టి పోతది. మెడ చుట్టు చేతులేసి పట్టుకుంటది. పట్టుకొని పెద్దోళ్ళ లెక్క రాగం తీసి ఏడుస్తది. ఆ పిల్ల బెదిరి ఇంక గట్టిగ అందుకుంటది. వాళ్ళిద్దర్ని చూసి ఇంకో నలుగురు. ఇయ్యాల గుడ్లు ఉడికేటాళ్ళకు పదకొండు మంది ఏడుస్తున్నరు. ఆయా ఒక్కతి, నేనొక్కదాన్ని. ఎవల్నని ఎత్తుకోవాలె?"

టీచర్ నవ్వుకుంటనే చెప్పింది. నాకు నవ్వు రాలే.

"ఎక్కడ నేర్చింది? టీవీల చూసిందా?"

"ఏమో టీచర్. తెల్వదు" అన్న.

తెల్వక కాదు. పెద్దవంగర దిక్కు మా తండల ఆడోళ్ళు చాన్నాళ్ళకు కలిసినా, చావుకు పోయినా, ఒకళ్ళ మెడ మీద ఒకళ్ళు చెయ్యేసి, తలకు తల ఆనించి, రాగం తీసి ఏడుస్తం. ఢావ్లో అంటరు మా భాషల. బాధ ఏందో, ఎవలు పోయిండ్రో, ఎవలు యాదికొస్తున్నరో అంత ఆ రాగంలనే చెప్పుకుంటం. అయినంక కండ్లు తుడుచుకొని చాయ తాగుకుంట మేకల సంగతి మాట్లాడుకుంటం. మొన్న వానాకాలంల మా మామ భద్రు పోయినప్పుడు పదిహేను దినాలు మా ఇంట్ల ఇదే. వచ్చిన ప్రతి ఆడమనిషి మా అత్త రామి మెడ పట్టుకొని ఏడ్చింది. మా బిడ్డ సుమన అప్పటికి నాలుగేండ్లది. ఆడోళ్ళ నడుమ కూసొని అంత చూసింది. ఏడ్చేటోళ్ళను దూరం నుంచి చూడొద్దు, దగ్గరికి పోయి పట్టుకోవాలె అని దానికి ఎవలు చెప్పలే. చూసి నేర్చింది.

ఇదంత టీచర్‌కు చెప్తే అయిపోతుండె. నోరు రాలే. నేను ఆశ్రమ పాఠశాలల ఆరో తరగతి ఉన్నప్పుడు మా అమ్మ చూడొచ్చింది. గేటు కాడ ఇద్దరం పట్టుకొని ఏడ్చినం. వార్డెన్ బయటికొచ్చి, "ఏందమ్మా, పాటల పోటీనా?" అన్నది. నెల రోజులు పిల్లలు నా ఎనక ఆ రాగం తీసుకుంట తిరిగిండ్రు. మళ్ళ అమ్మ వచ్చినప్పుడు నేను గేటు కాడికి పోలే. బాత్రూంల దాక్కున్న. ఆమె గేటు కాడ సంచి పెట్టి పోయింది.

పదో తరగతి పాసైన. అన్ని మర్శిపోయిన గని గదొక్కటి మర్శిపోలే.

అందుకే ఆ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తొవ్వలనే పిల్లకు చెప్పుడు మొదలుపెట్టిన.

"ఎవలన్న ఏడిస్తే పోవద్దు. నీ జాగల నువ్వు కూసోవాలె."

"ఎందుకు?"

"నవ్వుతరు."

"ఏడ్చేటోళ్ళు నవ్వుతరా?"

"వేరేటోళ్ళు నవ్వుతరు. చెప్పింది ఇను."

పత్తి సీజన్‌కని దసరా అయినంక వచ్చినం మేము. మా ఆయన ప్రేమ్‌సింగ్ మార్కెట్ల హమాలి, నేను మిల్లుల. ప్రకాశం సేటు ఇంటి ఎనక ఒక అర్ర దొరికింది. వాళ్ళది కిరాణం హోల్‌సేల్. సేటు భార్య రుక్మిణమ్మ మంచిదే గని చెవులు మస్తు పని చేస్తయి. గోడ అవతల మా చెంచా కిందపడ్డా, "ఏం పడ్డది సౌందర్యా?" అంటది. అట్లాంటి ఇంట్ల పిల్ల రాగం తీస్తే? ఖాళీ చెయ్యమంటే? నడి సీజన్ల అర్ర ఎక్కడ దొరుకుతది? నా పానం నిలువలే.

పిల్ల ఏడ్చుడు మొదలుపెడితే అరచెయ్యి దాని నోటి మీద పెట్టేదాన్ని. కొట్టలే. ఒక్క దెబ్బ కొట్టలే. ఆ మాట నాకు నేనే మస్తుసార్లు చెప్పుకున్న. చెయ్యి పెట్టి, "నవ్వుతరు, నవ్వుతరు" అనేదాన్ని. ముక్కుతోని బుస బుస ఊపిరి తీసుకుంట నా కండ్లల్లకు చూసేది. కొన్నాళ్ళకు నా చెయ్యి లేస్తే చాలు, ఆపుకునుడు నేర్చింది. ఇంకొన్నాళ్ళకు చెయ్యి లేవక ముందే.

మా భాషల అమ్మను యాడి అంటరు. "యాడి అనొద్దు, అమ్మ అను" అన్న. అదీ నేర్చింది.

"మంచిగైంది నీ బిడ్డ" అన్నది రూతు టీచర్ ఒకనాడు. "సప్పుడే లేదు."

ఆ దినం మిల్లుల పత్తిల చెత్త ఏరుకుంట నేను పాట పాడుకున్న. రెండో దినంకే మళ్ళ భయం పట్టుకున్నది. సప్పుడే లేదు అంటే ఏంది? ఒక్కతే కూసుంటున్నదా? ఎవలతోనన్న మాట్లాడుతున్నదా?

"ఎవలతోని ఆడుకున్నవ్ బిడ్డా?"

"నా జాగల కూసున్న."

"రేపు ఎవలతోని ఆడుకుంటవ్?"

"నా జాగల కూసుంట."

ఒకనాడు పిల్ల రుక్మిణమ్మ వాళ్ళ మెట్ల మీదికెళ్ళి పడ్డది. మోకాలు చెక్కుకపోయి నెత్తురొచ్చింది. నేను ఉరికి పోయి లేపేటాళ్ళకు పెదవి పండ్ల కింద పట్టుకొని నా దిక్కు చూస్తున్నది. కండ్ల నిండ నీళ్ళు, ఒక్క బొట్టు కింద పడలే.

"అబ్బో, రాయి లెక్కున్నది పిల్ల" అన్నది రుక్మిణమ్మ, పసుపు తెచ్చి అద్దుకుంట. పసుపు డబ్బ మూత పెట్టుకుంట మళ్ళ అన్నది, "మా మనుమరాలు నిఖిత దోమ కుడితే ఊరంత లేపుతది. గింత పిల్లకు గింత ఓర్పు ఎక్కడిది, సౌందర్యా? ఎక్కడన్న చూపియ్యరాదు?"

ఇగ చూడు. ఎక్కడన్న చూపియ్యాలె అన్న మాట నా చెవుల పడ్డంక నేను మనిషిని కాదు. ఫోన్ల వీడియోలు చూసుడు మొదలుపెట్టిన. మీ పిల్లల్లో ఈ ఏడు లక్షణాలు ఉంటే జాగ్రత్త అని ఒకామె చెప్తది. ఏడులో నాలుగు ఉన్నయి. ఇంకో దాంట్ల ఐదు లక్షణాలు, మూడు ఉన్నయి. పిలిస్తే పలుకుతున్నదా అని ఎనకకెళ్ళి పిలిచి చూసిన. నొప్పి తెలుస్తున్నదా అని చెయ్యి గిచ్చి చూసిన. పిల్ల చెయ్యి గుంజుకొని, "ఏడ్వలే చూసినవా?" అన్నది, నేనేదో పరీక్ష పెట్టిననుకొని.

భూపాలపల్లిల ఉండే మా ఆడబిడ్డకు ఫోన్ చేసి చెప్పుకున్న. "వదినా, నువ్వు ఆ ఫోన్ బాయిల పారెయ్యి, పిల్ల మంచిగైతది" అన్నది.

డిసెంబర్‌ల, చలి బాగున్న దినం, పది కాకముందే అంగన్‌వాడీ నుంచి ఫోన్ వచ్చింది. మిల్లు సప్పుడుల సగం ఇనపడలే. కరిచింది అన్న ముక్క ఇనపడ్డది. పాము కరిచిందనుకున్న. ఎట్ల ఉరికిన్నో నాకే తెల్వదు, ఒక కాలికి చెప్పు లేదు.

పాము కాదు. నా పిల్లే కరిచింది, ఇంకో పిల్లగాన్ని. నితిన్ అని ఆటో నడిపే అమర్ కొడుకు, నాలుగేండ్లోడు. వాని జబ్బ మీద పండ్లు పండ్లుగ అచ్చు, నడుమ నెత్తురు చెమ్మ. వాళ్ళమ్మ వాన్ని సంకల వేసుకొని నిలబడ్డది.

"కుక్కలను పెంచుతరు గని గొలుసు కట్టరు" అన్నది నన్ను చూడకుంట, ఆయాతోని.

నేను దండం పెట్టిన. ఆమె చూడలే.

"నాకు సమజైతలేదు, సౌందర్యా" అన్నది రూతు టీచర్. "వాడే దాని కాడికి పోయిండు. అమ్మ కావాలె అని ఏడ్చుకుంట పోయి, దాని గౌను పట్టి గుంజిండు. మొదట్ల ఇదే పట్టుకునేది గద వాన్ని, అదే యాదికుండొచ్చు. ఇది గోడ దిక్కు తిరిగింది. వాడు ఇడువలే, మళ్ళ గుంజిండు. అంతే, కరిచింది. మళ్ళొకసారి అయితే పిల్లను కొన్నాళ్ళు ఇంటి కాడనే ఉంచుకోమనాల్సొస్తది. వాళ్ళు ఊకోరు. పై మేడంకు చెప్తమంటున్నరు."

ఆ మాటలు అప్పుడు నా చెవులకు పోయినయి గని లోపలికి పోలే. మళ్ళొకసారి అన్నదొక్కటే పట్టుకున్న. మళ్ళొకసారి అయితది. రేపే అయితది.

ప్రేమ్‌సింగ్ ఇంటికొచ్చి అంత ఇని, కాళ్ళు కడుక్కొని కూసున్నడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"మా యాడికి ఫోన్ చేసిన. బేస్తారం వస్తది. పిల్లను తోల్కపోతది."

"ఎన్ని రోజులు?"

"సీజన్ అయ్యేదాంక."

"అయినంక?"

"వచ్చే ఏడు మళ్ళ వస్తం గద మనం. అది అక్కడనే బడికి పోతది."

అంటే రెండు నెలలు కాదు. నాకు ఒక్కసారే అంత కనపడ్డది. పండుగకొకసారి పోతం. నాయనమ్మను దాది అంటది పిల్ల. ఆ దాది కొంగు ఎనక నుంచి నన్ను చూస్తది. చుట్టం వచ్చింది అన్నట్టు.

"నేను మిల్లు బంద్ చేస్త. ఇంట్ల ఉండి చూసుకుంట."

"ఇంట్ల ఒక్కతి ఎవలతోని పెరుగుతది?" అన్నడు. "బాపు పోయినకాన్నుంచి యాడి ఒక్కతే వండుకొని ఒక్కతే తింటున్నది. పిల్ల ఉంటే ఆమెకు తోడు" అన్నడు.

పిల్ల బట్టలు సంచిల పెట్టిన. తీసిన. మళ్ళ పెట్టిన.

బేస్తారం పొద్దున తొర్రూరు బస్సు తొమ్మిదిన్నరకు వచ్చింది. జనగామ బస్టాండ్ల ఆ యాళకు మంది నిండ ఉంటరు. ఆడోళ్ళకు టికెట్ లేనికాన్నుంచి ఇంక ఎక్కువ. కాలేజీ పిల్లలు, దవాఖానకు పోయేటోళ్ళు. మా అత్త దిగింది. ఇప్పటికీ మా పాత బట్టలనే కడుతది, అద్దాల రైక. మామ పోయినంక పైచేతుల తెల్లగాజులు తీసేసిండ్రు. బోసి చేతులు. ఆ చేతులు చూసుడు నాకు ఇంక అలవాటు కాలే.

సంచి కిందపెట్టి నా మెడ మీద చెయ్యేసింది. తల ఆనించింది. రాగం మొదలైంది. పెద్దాయన ఎల్లిపోయిండు, ఇల్లు పెద్దగైంది, కోడలా, చలిమంట కాడ ఎవలు కూసుంటలేరు...

కాలేజీ పిల్లలు తిరిగి చూసిండ్రు. ఒకామె ఫోన్ పైకెత్తినట్టు అనిపిచ్చింది. నిజంగ ఎత్తిందో లేదో. "ఇక్కడ వద్దు యాడీ, ఇంటికి పోదం పా" అన్న, ఆమె చెయ్యి తీసుకుంట.

అప్పుడు సుమన మా ఇద్దరి నడుమకు వచ్చింది. సంచి మీద ఎక్కి నిలబడ్డది. ఒక అరచెయ్యి దాది నోటి మీద పెట్టింది. ఇంకో అరచెయ్యి నా నోటి మీద.

"నవ్వుతరు" అన్నది. "నీ జాగల నువ్వు కూసో దాదీ."

అచ్చం నా గొంతే. నేను ఎట్ల ఒత్తి అంటనో అట్లనే.

మా అత్త ఆ చెయ్యి తీయలే. ఆ చెయ్యి మీదికెళ్ళి కండ్లు మాత్రం నా దిక్కు తిప్పింది. ఆఖరికి పిల్లనే చేతులు దించింది. ముసలామె బెంచీ మీద కూసొని మూతి తుడుచుకున్నది.

"ఎవలు నేర్పిండ్రు దీనికి?"

"నేనే."

"ఊ" అన్నది. తిట్టలే. తిడితే బాగుండు. "బడి ఎక్కడ?"

"ఎందుకు యాడీ? బట్టలు సదిరి పెట్టిన. పదకొండింటికి బస్సున్నది."

"బస్సు రేపు గూడ ఉంటది. బడి ఎక్కడ?"

పోయినం. మా అత్త చెప్పులు బయట ఇడిచి పోయి చాప మీద పిల్లల నడుమ కూసున్నది. పిల్లలందరు ఆమె రైక మీద అద్దాలల్ల మొఖాలు చూసుకునేందుకు దగ్గరికి జరిగిండ్రు. రూతు టీచర్ నా దిక్కు చూసింది.

"చెప్పు ఆమెకు" అన్నది మా అత్త నాతోని, మా భాషల.

"నువ్వే చెప్పు. నీకు తెలుగు రాదా?"

"నాకొస్తది. నువ్వు చెప్పు."

చెప్పిన. ఢావ్లో అంటే ఏందో, మామ పోయినప్పుడు పిల్ల ఏం చూసిందో, టీచర్ అడిగిన దినం నాకు తెలిసి గూడ తెల్వదన్న సంగతి, నోటి మీద చెయ్యి పెట్టిన సంగతి. నితిన్ దాని గౌను గుంజిన ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట అక్కడ ఆగిపోయిన. వాడు ఏడ్చుకుంట నా పిల్ల కాడికే వచ్చిండు. పోవద్దని నేను చెప్పిన. వాడు ఇడుస్తలేడు, నేను పోనిస్తలేను. ఇగ ఆ పిల్ల ఏం చెయ్యాలె?

మా అత్త చెయ్యి నా మెడ మీదికి వచ్చింది. ఈసారి నేను తియ్యలే. బడిలనే, ఆ చాప మీదనే, అంతమంది పిల్లల ముందు ఇద్దరం తల ఆనించి ఏడ్చినం. కండ్లు మూసుకున్న, ఎవలు చూస్తున్నరో చూడొద్దని. మామ పేరు చెప్పుకొని ఏడ్చిన. బాత్రూంల దాక్కున్న దినం చెప్పుకొని ఏడ్చిన.

సప్పుడు తగ్గినంక ఒక మూలకెళ్ళి చిన్న గొంతు ఇనపడ్డది. నితిన్. జబ్బకు పట్టీ ఉన్నది.

"వాళ్ళకు దెబ్బ తాకిందా?"

"లే" అన్నది సుమన. "మా తాత లేడు గద. అందుకు."

"ఎటు పోయిండు?"

"సచ్చిపోయిండు. ఇంకసేపు ఏడుస్తరు, అటెన్క చాయ తాగుతరు."

మా అత్త కండ్లు తుడుచుకొని, "చాయ ఉన్నదా టీచరమ్మా?" అన్నది. ఆయా నవ్వాపుకోలేక వంటర్రలకు పోయింది.

"ముందే చెప్పరాదా, సౌందర్యా" అన్నది రూతు టీచర్. "మా చర్చిల ప్రార్థన కాడ ఆడోళ్ళు భుజాలు పట్టుకొని ఏడ్వరా? నేను ఏడ్వనా? గని ఒక్క ముచ్చట. అందరు పిల్లలకు పట్టుకునుడు ఇష్టం ఉండదు. కొందరికి ఊపిరాడదు, బెదురుతరు. మెడ మీద చెయ్యి వేసే ముందు అడగాలె. వద్దంటే ఊకోవాలె. అది నేర్పుదం. నోరు మాత్రం మూయకు."

నాలుగు దినాలు చూద్దం అన్నది టీచర్. మా అత్త ఆగింది. రోజు పోయి బడి అరుగు మీద కూసునేది.

సోమవారం నేను మిల్లుల అబద్ధం చెప్పి జల్ది వచ్చి, కిటికీ పక్కన నిలబడ్డ. లోపల నితిన్ కట్టుకున్న డబ్బాల ఇల్లు కూలిపోయింది, వాడు ఏడుస్తున్నడు. సుమన లేచింది. వాని ముందటికి పోయి నిలబడ్డది. చేతులు రెండు ఎనకకు పెట్టుకున్నది.

"పట్టుకోవాల్నా?"

"వద్దు."

నా గోర్లు కిటికీ చెక్కకు గుచ్చుకున్నయి. ఇప్పుడు కరుస్తది. ఇప్పుడే. పిల్ల మొఖం ఎర్రగైంది, కింది పెదవి వణికింది. కరువలే. పక్కన జర దూరంల కూసున్నది. వాని దిక్కు చూడకుంట, తనంత తానే కొద్దిగ ఏడ్చింది, రాగం లేకుంట, మామూలు పిల్ల ఏడ్చినట్టు. వద్దన్నందుకు. టీచర్ ఆపలే, నేను లోపలికి పోలే. అయినంక ముక్కు గౌనుకు తుడుచుకొని ఒక డబ్బా తీసి వాని దిక్కు దొర్లించింది. వాడు తీసుకున్నడు. అంతే. అంతకు మించి ఏం కాలే.

వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ మాట్లాడది. సాయంత్రం గేటు కాడ కొడుకును నా పిల్లకు అవతలి దిక్కు నడిపిస్తది. ఆమెను నేను తప్పు పట్ట. ఆ అచ్చు నేను చూసిన.

మంగళవారం పొద్దున పిల్లను బడిల దింపి వచ్చేటాళ్ళకు మా అత్త పిల్ల సంచి ఇప్పి గౌన్లు మళ్ళ దండెం మీద ఏస్తున్నది. ప్రేమ్‌సింగ్ చూసుకుంట నిలబడ్డడు.

"యాడీ, నీకు తోడు..." అన్నడు.

"నాకు మేకలున్నయి" అన్నది. "తోడుకు పిల్లను తోల్కపోతే, పిల్లకు తోడు ఎవలు?"

పదకొండింటి బస్సు ఎక్కించినం. కిటికీలకెళ్ళి చెయ్యి బయటికి పెట్టి నా తల నిమిరింది. ఈసారి ఏడ్వలే ఇద్దరం. "మాఘంల రాండ్రి" అన్నది. బస్సు కదిలింది. ప్రేమ్‌సింగ్ మార్కెట్‌కు పోయిండు. నేను మిల్లుకు పోవాలె.

చౌరస్తా కూడ దాటలే, మళ్ళ పట్టుకున్నది నాకు. బడి అరుగు మీద ఇయ్యాల ముసలామె లేదు. పిల్ల బయటికి చూస్తది, దాది ఏది అంటది. ఏడుస్తది. ఎవలన్న నవ్వుతరు. కరుస్తది. ఈసారి చెవి తెంపుతది. మళ్ళొకసారి అన్నది టీచర్. ఫోన్ ఎందుకు మోగుతలేదు? మోగుతలేదంటే ఏమైనట్టు?

మిల్లు తొవ్వ ఇడిచి ఉరికిన. గేటు తీసుకొని, చెప్పులతోనే అరుగు ఎక్కి గుమ్మంల నిలబడ్డ. రొప్పుతున్న. లోపల పిల్లలు గుండ్రంగ కూసొని అన్నం తింటున్నరు. సుమన పక్కన ఒక చిన్న పిల్లకు గుడ్డు పొట్టు తీసిస్తున్నది. తల ఎత్తి నన్ను చూసింది. సంబురపడలే.

"యాడీ, ఇంక నాలుగు కాలే" అన్నది, అందరి ముందు, గట్టిగ. "అప్పుడే ఎందుకొచ్చినవ్? పో."

నేను పోయిన.